పిస్టల్ దించిన కండక్టరమ్మ

పోయిన ఆదివారం పొద్దున మా మెదక్ రాందాస్ చౌరస్తాలోని టిఫిన్ సెంటర్‌లో దోసె కోసం కూర్చున్నాను. గోడ మీది టీవీలో ఏదో దేశంలో జరిగిన ఆడవాళ్ల ఎయిర్ పిస్టల్ ఫైనల్ వస్తోంది. ఎవరూ చూడటం లేదు. రిమోట్ దొరక్క అలా వదిలేసినట్టున్నారు. తెర మీద ఒకామె, నలభై దాటి ఉంటాయి, పిస్టల్ ఎత్తి గురి చూసింది. అందరూ కొట్టేశారు. ఆమె మాత్రం కొట్టకుండానే చెయ్యి దించేసింది.

దోసె తెచ్చిన హోటలాయన ప్లేటు పట్టుకునే నిలబడిపోయాడు.

"గిదేందమ్మా, ఎత్తుతది, దించుతది. కొట్టదేంది గామె?"

"చెయ్యి నిలవడకపోతే దించాలె అన్నా. గట్లనే నేర్పుతరు."

చెప్పానే గాని, ఆ తర్వాత నాకు తినబుద్ధి కాలేదు. దించడం నేను ఎవరిని చూసి నేర్చుకున్నానో ఆ మనిషి గుర్తొచ్చింది. ఆమె పోయి ఏడాది కావస్తోంది.

ఆమె పేరు నాకు తెలియక కాదు. ఒక్కసారి కూడా ఆ పేరుతో పిలవలేదు కాబట్టి ఇప్పుడు రాస్తే ఎవరి గురించో రాసినట్టుంటుంది. బస్సులో ఆమె కండక్టరమ్మ. మా షూటింగ్ రేంజిలో అక్క. నా తల్లి ఈడుది, అయినా అక్కే. మొదట్లో ఎవరో ఆంటీ అంటే, "నేనేమన్న మీ చిన్నాయన పెండ్లామునా?" అని కసిరింది. అప్పట్నుంచి మా సార్ కూడా అక్క అనే పిలిచేవాడు.

రేంజి అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఊరి చివర మూతబడిన రైస్‌మిల్లు గోదాం అది. సైన్యంలో పనిచేసి వచ్చిన సార్ దాన్ని కిరాయికి తీసుకుని, ఒక గోడకు ఇనుపరేకులు కొట్టి, వాటి ముందు కాగితపు టార్గెట్లు వేలాడదీసి మాకు నేర్పేవాడు. ఇప్పటికీ వాన పడితే గోదాంలో తవుడు వాసన వస్తుంది. పది మీటర్ల దూరంలో టార్గెట్, దాని నడుమ చొక్కా గుండీ అంత చుక్క. ఒంటి చేత్తో పిస్టల్ పట్టుకుని ఆ చుక్కను కొట్టాలి. కొడితే పది. ఆట మొత్తం ఇంతే.

మొదట వచ్చింది ఆమె కాదు, ఆమె కూతురు. ఇంటర్ చదివే పిల్ల. భుజం నొప్పి అని కొన్నాళ్లకే మానేసింది. మర్నాడు సాయంత్రం ఒకామె డ్యూటీ దిగి తిన్నగా వచ్చినట్టుంది, ఖాకీ కోటుతో, భుజాన టికెట్ల సంచితో గోదాం గుమ్మంలో నిలబడింది.

"సార్, మా బిడ్డ రానంటున్నది. ఫీజు వాపస్ ఇస్తరా?"

"వాపస్ లేదమ్మా," అన్నాడు సార్.

"అయితే నేనే వస్త. ఏడ నిలవడాలెనో చెప్పుండ్రి."

మేం నవ్వు ఆపుకున్నాం. సార్ మాత్రం నవ్వలేదు. పిస్టల్ చేతికిచ్చి, చెయ్యి చాపి నిలబడమన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా కాసేపటికే ముందుకో వెనక్కో ఊగుతారు. ఆమె ఎడమ చెయ్యి కోటు జేబులో పెట్టుకుని, కాళ్లు కొంచెం ఎడంగా వేసి, పాతిన గుంజలా నిలబడింది. సార్ చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంతకు ముందు ఎక్కడన్నా నేర్చుకున్నారా?"

"కౌడిపల్లి రూట్ల నేర్చుకున్న సార్. బస్సుల రాడ్ పట్టుకోకుంట టికెట్లు కొట్టేటోళ్లకు నేల మీద నిలవడుడు ఏం కష్టం? నేల బ్రేక్ కొట్టదు గదా!"

అయితే ఆరోజు ఆమె కొట్టిన మొదటి గుండు కాగితానికి తగలనే లేదు. రేకు మీద టప్పుమంది. నిలబడటం ఆమెకు ముందే వచ్చు గాని, కొట్టడం నేర్చుకోవడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ నేను పక్కనే ఉన్నాను. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను, ఆ గోదాంలో అందరికంటే నేనే బాగా కొడతానని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆమె తన ఉద్యోగాన్ని గుమ్మం బయట వదిలి వచ్చేది కాదు. పిస్టల్ ఎత్తి, చెయ్యి కుదరకపోతే "హోల్డాన్" అని తనలో తను అనుకుని దించేసేది. మళ్లీ ఎత్తి, కుదిరిందనిపిస్తే "రైట్" అని గొణిగి మీట నొక్కేది. బస్సును ఆపినట్టే, కదిలించినట్టే. టార్గెట్ మీది గీతలకు కూడా ఊళ్ల పేర్లు పెట్టింది. నడిమి పది మెదక్. తొమ్మిది కౌడిపల్లి. ఎనిమిది శివ్వంపేట. ఏడుకి పోతే రేగోడ్. "ఇయ్యాల మెదకుల దిగుడే లేదు బిడ్డా, పొద్దుందాంక శివ్వంపేట చుట్టే తిరిగిన," అనేది. కొన్నాళ్లకు మేమందరం అలాగే చెప్పుకునేవాళ్లం. కొత్తగా చేరిన పిల్లల తల్లిదండ్రులు విని, ఇక్కడ పిస్టల్ నేర్పుతారా, బస్సు టైములు చెబుతారా అన్నట్టు చూసేవారు.

ఒకసారి పని మీద ఆమె బస్సెక్కాను. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేసిన కొత్తరోజులు, పైగా మెదక్ చర్చి చూడటానికి వచ్చిన క్రిస్మస్ జనం. కాలు పెట్టే చోటు లేదు. ఆ జనంలోంచి ఆమె గొంతు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తిరుగుతోంది.

"జర ముంగటికి జరుగుండ్రి! ఏమమ్మా, టికెట్ ఫ్రీ అంటే ఫుట్‌బోర్డు గూడ ఫ్రీ అనుకున్నవా, లోపలికి రా! ఓ పెద్దమనిషీ, గా మూట నీ నెత్తి మీద పెట్టుకో, పిల్ల నెత్తి మీద కాదు!"

నన్ను చూసి, జనంలోంచి ఎలా దారి చేసుకుందో, దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. "నిన్న మస్తు కొట్టిన బిడ్డా. అన్ని మెదకే." అంతలోనే తల తిప్పి ఎవరి మీదో అరిచింది. ఇంత అరిచే మనిషి రోజూ సాయంత్రం ఆ నిశ్శబ్దంలోకి ఎలా వచ్చి నిలబడుతుందా అని ఆశ్చర్యపోయేదాన్ని.

గోదాంలో మంచి పిస్టల్ ఒక్కటే ఉండేది. బయటి దేశం నుంచి తెప్పించింది. మిగతావి పాతవి, పోటీలకు పనికిరావు. పెద్ద పోటీలకు వెళ్లే స్థాయికి మేమిద్దరమే వచ్చాం కాబట్టి ఆ ఒక్కదాన్నే ఇద్దరం వాడేవాళ్లం. నాది చిన్న అరచెయ్యి, ఆమెది వెడల్పు చెయ్యి. పిడికి ఒక చెక్కముక్క ఉంటుంది, చెయ్యి దాని మీద ఆనాలి. నేను కొట్టాక ఆమె స్క్రూ వదులు చేసి తన చేతికి సరిపెట్టుకునేది. ఆమె కొట్టాక నేను బిగించుకునేదాన్ని. "ఇద్దరు కోడండ్లకు ఒక్కటే పట్టుచీర ఉన్నట్టున్నది మన సంసారం," అని నవ్వేది.

ఆ సంసారానికి కష్టం ఢిల్లీలో వచ్చింది. కొరియాలో జరగబోయే పోటీకి మన దేశం తరఫున ఎవరు వెళ్లాలో తేల్చే పోటీ అది. అప్పటిదాకా ఎక్కడికెళ్లినా మా ఇద్దరి పేర్లు వేరు వేరు విడతల్లో వచ్చేవి. ఒకరు కొట్టాక ఇంకొకరం పిస్టల్ అందుకునేవాళ్లం. ఈసారి గోడ మీద అంటించిన కాగితంలో ఇద్దరి పేర్లూ ఒకే విడతలో ఉన్నాయి. పిస్టల్ ఒకటే. సార్ వెళ్లి అడిగాడు. మార్చడం కుదరదన్నారు.

నేను అక్కడే మెట్ల మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టాను. ఆమె పిస్టల్ పెట్టె తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వు తీస్కో."

"వద్దక్కా, నీకు నాకన్న మంచిగ వస్తున్నయ్. నువ్వే కొట్టు."

"ఊకో. నీ చెయ్యి దీనికి అలవాటైంది. వేరేది వడితే ఆగమైతవ్. నాకేంది? డిపోల ఏ బస్సు ఇస్తే గా బస్సే ఎక్కుత. ఒకదానికి బ్రేక్ ఉండది, ఒకదానికి అద్దం ఉండది. బండి సక్కగ లేదని రూటు బందు వెడ్తమా?"

ఆ తర్వాత ఆమె ఆ హాల్లో ఉన్న ప్రతి ఆడమనిషి దగ్గరికీ వెళ్లింది. నేను చూస్తూనే ఉన్నాను. తొలి విడతలో కొట్టి సామాను సర్దుకుంటున్న ఒక హర్యానా అమ్మాయిని పట్టుకుంది. "బెహన్, జర ఏక్ ఘంటా పిస్టల్ దేతీ క్యా?" అని మా మెదక్ హిందీలో అడిగింది. ఆ అమ్మాయి ముందు బిత్తరపోయింది. ఎవరైనా పెన్ను అప్పడుగుతారు గాని పిస్టల్ అడుగుతారా? అయినా ఈమె నవ్వుకి లొంగి ఇచ్చింది. దాని పిడి అక్క చేతికి సరిగా ఆనలేదు. తనిఖీ వాళ్లకు చూపించి, ముద్ర వేయించుకుని, తిన్నగా వచ్చి నా పక్క లైనులో నిలబడింది.

నేను బాగానే కొట్టాను. అబద్ధం చెప్పను, నా జీవితంలో అప్పటికి అదే మంచి స్కోరు. నడుమ నడుమ పక్క నుంచి "హోల్డాన్" అని గొణుగుడు వినిపించేది. ఎన్నిసార్లు వినిపించిందో! అందరూ ముగించి పిస్టళ్లు పెట్టెల్లో సర్దుకుంటున్నా ఆమె ఇంకా కొడుతూనే ఉంది. టైము అయిపోతుండగా ఆఖరి గుండు కొట్టి, ఆ హర్యానా అమ్మాయి పిస్టల్‌ని కళ్లకద్దుకుని తిరిగిచ్చింది.

జాబితా అంటించారు. కొరియా వెళ్లే వాళ్లలో చివరి పేరు ఆమెది. దాని కింద గీత. గీత కింద మొదటి పేరు నాది.

తిరుగు రైల్లో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎవరితోనూ మాట్లాడాలని లేదు. ఉన్న ఒక్క మంచి పిస్టల్ నాకిచ్చింది. తను అప్పు పిస్టల్‌తో కొట్టింది. ఓడిపోవడానికి నాకు ఒక సాకు కూడా మిగల్లేదు. ఆమె వచ్చి పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీసింది. సర్వపిండి. నేను తల అడ్డంగా ఊపాను.

"కోపమొచ్చిందా?"

"లేదక్కా."

"రావాలె. నాకైతే వస్తుండె." ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. "సూడు బిడ్డా, నీ కోసం మొకం మాడ్సుకుందామని పొద్దటి సంది సూస్తున్న. నాతోని అయితలేదు. లోపట్నుంచి సంబురం తన్నుకొస్తున్నది. బయటి దేశం పోతున్న నేను! ఇగ నాతోని కాదు. నువ్వు ఏడువు, నేను నవ్వుత. ఇద్దరం ఒక్క సీట్లనే కూసుందాం. ఏమైతది?"

నాగపూర్ దాటేదాకా అలాగే వెళ్లాం. ఆమె నిజంగానే నవ్వుతూ కూర్చుంది. దాచుకోలేదు. నేను ఏడ్చి ఏడ్చి, చివరికి ఆకలేసి ఆమె డబ్బాలోదే తిన్నాను. నా ఓటమి గురించి ఎంతోమంది ఎన్నో ఓదార్పు మాటలు చెప్పారు. ఒక్కటీ గుర్తులేదు. ఆమె పక్కన కూర్చుని నవ్విన నవ్వు మాత్రం గుర్తుంది.

కొరియాకు ఆమె మా పిస్టలే పట్టుకెళ్లింది. అన్ని రోజులూ నేను గోదాంలో ఖాళీ చెయ్యి చాపి గోడకెదురుగా నిలబడేదాన్ని.

ఫైనల్ రోజు పొద్దున అందరం గోదాంలో చేరాం. సార్, నేను, ఆమె కూతురు, ఆమె బస్సు డ్రైవరు. ఆయన ఆరోజు సెలవు పెట్టి మరీ వచ్చాడు. సార్ ఫోన్‌ని నీళ్ల కూజాకు ఆనించి పెట్టాం. ఎనిమిది మందిలో ఎనిమిదో మనిషిగా ఫైనల్ చేరింది ఆమె. ఫైనల్లో రెండు గుండ్లకోసారి అందరికంటే తక్కువ వచ్చినవాళ్లు వెళ్లిపోవాలి. ఒకరు పోయారు. ఇంకొకరు పోయారు. ఆమె ఉంది. కూతురు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకా ఇద్దరు పోయారు. నలుగురు మిగిలారు. ఇంకొక్కరు పోతే చాలు, మిగతా ముగ్గురికీ మెడల్.

ఈ రెండింటిలో మొదటి గుండు మంచిది, మెదకే. రెండోది కొట్టాలి. మిగతా ముగ్గురూ కొట్టేశారు. ఆమె ఎత్తింది. పెదాలు కదిలాయి. ఫోన్లో గొంతు వినిపించకపోయినా ఏమందో మా నలుగురికీ తెలుసు. దించింది. టైము తగ్గుతోంది. మళ్లీ ఎత్తింది. మళ్లీ దించింది.

"ఎందుకు దించింది? కొట్టు తల్లీ, కొట్టెయ్!" అన్నాడు డ్రైవరు లేచి నిలబడి.

మూడోసారి ఎత్తి, టైము అయిపోతుండగా నొక్కింది. తెర మీద ఎనిమిది అంకె వచ్చింది.

"శివ్వంపేట," అంది కూతురు మెల్లగా.

నాలుగో స్థానం. ఆమె పిస్టల్ కింద పెట్టి, కళ్లద్దాలు తీసి, వెనక కుర్చీలో కూర్చుని మిగతా ముగ్గురికీ చప్పట్లు కొడుతూ కనిపించింది. అంతా అయిపోయాక పక్క లైనులోని మంగోలియా అమ్మాయి "అక్కా!" అని అరుస్తూ వచ్చి ఆమెను వాటేసుకుంది. మనవాళ్లు పిలవడం విని ఆమె పేరే అక్క అనుకుంది ఆ పిల్ల. మా గోదాంలో ఏడవాలో నవ్వాలో ఎవరికీ తెలియలేదు.

వచ్చాక డిపోలో శాలువా కప్పారు, ఫొటో దిగారు. మర్నాడే డ్యూటీ ఎక్కింది. ఎక్కడికెళ్లినా అందరూ ఒకటే అడిగారు, ఎందుకు దించినవని. "గట్లయింది, ఏం జేస్తం," అని తప్పించుకునేది. నేను అడగలేదు. ఒక సాయంత్రం ప్రాక్టీసయ్యాక గోదాం గడప మీద కూర్చుని ఉండగా తనే చెప్పింది.

"మొదటిసారి చెయ్యి కుదరలే, దించిన. రెండోసారి మంచిగనే కుదిరింది బిడ్డా. మీట మీద వేలు గూడ పెట్టిన. గప్పుడు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. గురి చూసే ముంగటి సైటు మసకైపోయింది."

"భయమైందా అక్కా?"

"భయం గాదు. గా హాలు ఎంత పెద్దగున్నదనుకున్నవ్! గంతమంది ఉన్నరు. మిగతోళ్లు కొట్టేసిండ్రు, నేనొక్కదాన్నే మిగిలిన. ఒక్కలన్న మాట్లాడ్తలేరు. దగ్గు గూడ లేదు. అందరు ఊకున్నరు, నా కోసం ఊకున్నరు. ఇరవై ఏండ్ల సంది బస్సుల అరుస్తున్న. నా మాట ఇనుండ్రి, జర ఊకోండ్రి అని. ఒక్క దినం ఎవ్వలన్న ఊకున్నరా? ఆడ నేను ఒక్క మాట అనలే. గంతమంది ఊకున్నరు. గది మనసులవడ్డది, కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. ఇగ ఏం కొడ్త?"



"మెడల్ పోయింది గదక్కా."

"పోయింది," అంది. "రాత్రి పండుకుంటే యాదికొస్తది. బాధైతది, కాదంటలేను. గాని గా నిమిషం యాదికొస్తే మల్ల మంచిగనే అనిపిస్తది. రెండు ఒక్కసారే ఉంటయ్. ఏం జేస్తం?"

ఆ తర్వాతి పోటీకి నేను వెళ్లాను. ఫైనల్ చేరలేదు. అక్కడ ఆ మంగోలియా అమ్మాయి నా చొక్కా మీద మన దేశం పేరు చూసి పరుగున వచ్చి, నా వెనక ఎవరికోసమో వెతికి, "అక్కా?" అని అడిగింది. అప్పటికే అక్క దవాఖానా చుట్టూ తిరుగుతోంది. ఎలా చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను.

కిడ్నీలు పాడయ్యాయి. డ్యూటీ మానేసింది. ఖాకీ కోటు లేకుండా ఆమెను చూడటం నాకు అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. బాగా చిక్కిపోయింది. అయినా గొంతు మాత్రం తగ్గలేదు. ఆ చివరి వేసవిలో ఒక సాయంత్రం కూతురు ఆమెను ఆటోలో గోదాంకు తీసుకొచ్చింది. అప్పటికి సార్‌కు వయసు మీదపడి, పిల్లలకు నేనే నేర్పుతున్నాను. ఆమె వస్తోందని ముందే తెలిసి పిల్లలకు చెప్పి ఉంచాను, పెద్దామెకు ఒంట్లో బాగాలేదు, అల్లరి చేయకండి అని. ఆమె లోపలికి రాగానే అందరూ పిస్టళ్లు కింద పెట్టి, చేతులు కట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డారు.

ఆమె కుర్చీలో కూర్చుని అందర్నీ ఒకసారి చూసింది.

"ఏందే, ఎవలు సచ్చిండ్రని గట్ల నిలవడ్డరు? నేనింక ఉన్న గదా! కొట్టుండ్రి!"

పిల్లలు కిసుక్కుమని నవ్వి లైన్లలోకి వెళ్లారు. రేకుల మీద టప్ టప్‌మని చప్పుడు మొదలైంది. కాసేపు ఆమె ఒక్కొక్కరినీ చూస్తూ, ఒకరి మోచెయ్యి, ఒకరి కాళ్లు నాకు వేలితో చూపిస్తూ కూర్చుంది. నేను ఒక చిన్నపిల్ల భుజం సరిచేసి తిరిగి చూసేసరికి తల పక్కకు వాలి ఉంది. దగ్గరికి పరుగెత్తాను. నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక.

ఆమె నిద్రపోతుండగా చూడటం నాకదే మొదటిసారి. బస్సులో పడుకున్న వాళ్లని ఊరు రాగానే భుజం తట్టి లేపడం ఆమె పని. తను ఎన్నడూ కునుకు తీసింది లేదు. ఎవరు ఎక్కడ దిగాలో ఆమెకు తెలుసు కాబట్టి బస్సంతా నిశ్చింతగా పడుకునేది.

పొద్దు గుంకింది. బయట ఆటో అతను హారన్ కొట్టాడు. కూతురు లేచి వచ్చి, తల్లి భుజం మీద చెయ్యి వేయబోయి ఆగి, నా వైపు చూసింది.

"జర సేపు పండుకోనీ," అన్నాను. "ఆటోకు నేను చెప్త."

ఆ పిల్ల చెయ్యి వెనక్కి తీసుకుని, తల్లి కుర్చీ పక్కనే నేల మీద కూర్చుంది. మేం కొడుతూనే ఉన్నాం.